నర్సుని చెయ్యడానికా?

"ఇంత చదివించింది నర్సుని చెయ్యడానికా?"

పిస్కాటవేలో మా ఇంట్లోనే, పోయిన డిసెంబరు పాట్‌లక్‌లో, పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని ఒక పెద్దమనిషి అడిగిన ప్రశ్న ఇది. మా అమ్మాయి హైస్కూలు ఆఖరి సంవత్సరంలో ఉంది. నర్సింగ్ డిగ్రీకి అప్లై చేసింది. ఎమర్జెన్సీ రూములో పనిచేస్తానంటోంది. ఆ రోజు వచ్చినవాళ్ళలో ముప్పాతిక మందిమి ఐటీ వాళ్ళమే. ఆ ప్రశ్న తప్పని ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు. "ఇప్పుడలాగే అంటుందిలెండి, తర్వాత మెడిసిన్‌కి మారొచ్చు" అని నవ్వేశాను. అమ్మాయి తన ప్లేటు సింకులో పెట్టి మేడమీదికి వెళ్ళిపోయింది.

ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ పనేమిటో చూద్దాం. రెండేళ్ళ క్రితం గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారికి ఒక రాత్రి ఛాతీలో మంట మొదలైంది. మిరపకాయ బజ్జీల వల్లే అని ఆయన, కాదని మా ఆవిడ. ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. అక్కడి నర్సు ఇన్సూరెన్సు కార్డు అడగలేదు. ముందు ఆయన ముఖం చూసింది, చెయ్యి పట్టుకుంది. చల్లగా చెమట. మాకంటే ముందొచ్చి కూర్చున్న వాళ్ళందరినీ దాటించి లోపలికి పంపింది. పది నిమిషాల్లో ఈసీజీ తీశారు, ఆ రాత్రే స్టెంటు వేశారు. మా అమ్మాయి తాతగారికీ నర్సుకీ మధ్య తెలుగూ ఇంగ్లీషూ మార్చి చెబుతూ పక్కనే నిలబడింది. "మెషీన్ చెప్పకముందే ఆవిడకెలా తెలిసింది నాన్నా?" అని ఇంటికొచ్చేటప్పుడు అడిగింది.

నేను ఎమ్మెస్‌లో ప్రయారిటీ క్యూ గురించి చదువుకున్నాను. అందులో ప్రయారిటీ అంకె ఎవరో ఇస్తారు, మనం వరసలో పెడతాం. ఎమర్జెన్సీలో ఆ అంకె వెయ్యడమే ట్రయాజ్ నర్సు పని. అమెరికాలో చాలాచోట్ల ఒకటి నుంచి ఐదు దాకా ఉండే ఈఎస్ఐ అనే కొలత వాడతారు. ఒకటంటే ప్రాణం ఈ క్షణంలో పోవచ్చు, ఐదంటే ఆగొచ్చు. నా కోడ్‌లో తప్పుంటే టికెట్ మళ్ళీ తెరుస్తారు. ఆవిడ అంకె తప్పితే మనిషి కుర్చీలోనే పోవచ్చు.

ఈ పని ఊరికే రాదు. నాలుగేళ్ళు బీఎస్ఎన్ చదవాలి. ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసై రాష్ట్రం లైసెన్సు తెచ్చుకోవాలి. రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీతో ఉద్యోగంలో చేరి, మిగతాది తర్వాత చదివేవాళ్ళూ ఉన్నారు. ఎమర్జెన్సీలో కొత్తవాళ్ళు అనుభవమున్న నర్సు పక్కన నెలల తరబడి నేర్చుకుంటారు. గుండె ఆగితే ఏం చెయ్యాలో నేర్పే ఏసీఎల్ఎస్, పెద్ద గాయాల కోసం టీఎన్‌సీసీ, అనుభవం వచ్చాక సీఈఎన్ సర్టిఫికేషన్. ఆపైన ఛార్జ్ నర్సు కావచ్చు, హెలికాప్టర్లో వెళ్ళే ఫ్లైట్ నర్సు కావచ్చు, ఇంకా చదివి నర్స్ ప్రాక్టీషనర్ కావచ్చు. డంప్స్ బట్టీపట్టి, రెజ్యుమేలో లేని ఎనిమిదేళ్ళ అనుభవం రాసుకునే సౌకర్యం మాత్రం ఇందులో లేదు.

నైట్ డ్యూటీలన్నారు ఒకరు. ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే తెల్లవారుజామున మూడింటికి లేచి కాల్‌లో కూర్చునే మనమా ఆ మాట అనేది? సంబంధాలు దొరకవన్నారు ఇంకొకరు. అలాంటి సంబంధం తప్పిపోతే అమ్మాయి అదృష్టమే.

అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. ఒక్కో నర్సుకి ఎంతమంది రోగుల్ని అప్పజెబుతారు? తాగొచ్చి చెయ్యెత్తినవాణ్ణి ఎవరు ఆపుతారు? 2023 ఆగస్టు 4న, రారిటన్ నది అవతల న్యూ బ్రన్స్‌విక్‌లో, రాబర్ట్ వుడ్ జాన్సన్ యూనివర్సిటీ హాస్పిటల్ నర్సులు దాదాపు 1,700 మంది సమ్మెకి దిగారు. రోగులకి సరిపడా నర్సులుండాలన్నది వాళ్ళ ముఖ్యమైన డిమాండు. డిసెంబరులో ఒప్పందం కుదిరేదాకా నాలుగు నెలలు నిలబడ్డారు. కాలిఫోర్నియాలో ఎమర్జెన్సీ నర్సుకి నలుగురు రోగులకి మించి ఇవ్వకూడదన్న నిబంధన 2004 నుంచీ ఉంది. ఆ ప్లకార్డుల పక్కనుంచి నేను ఎన్నోసార్లు కారులో వెళ్ళాను. ట్రాఫిక్‌ని తిట్టుకున్నానే గానీ, అద్దం దించి ఒక్కమాట అడగలేదు. కూతురు గురించి భయపడాలంటే ఇదీ భయపడాల్సిన సంగతి. ఆ భయం నిజమైతే మనం కూడా ఆ ప్లకార్డు పట్టుకుని నిలబడాలి.

మన అసలు అభ్యంతరం వేరే ఉంది. ఎవరూ నోరు విప్పి చెప్పరు గనక నేను చెబుతాను. ఈ పనిలో వాంతులెత్తాలి, నెత్తురు తుడవాలి, ఏ కులమో తెలియనివాడి మలమూత్రాలు ముట్టుకోవాలి.

నేను పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1898లో ఆడవాళ్ళకోసం తెరిచిన ఆసుపత్రి అది. మా అమ్మకి కాన్పు కష్టమైందట. ఏడవని నన్ను ఒక నర్సమ్మ వీపు మీద చరిచి ఏడిపించిందట. అంతా అయ్యాక, ఆవిడ తెచ్చిచ్చిన మంచినీళ్ళు మా నాయనమ్మ తాగలేదట. మాదిగపల్లె నుంచి వచ్చి క్రైస్తవంలో కలిసిన మనిషని! చిన్నప్పుడు ఈ కథ విని మేమంతా నవ్వేవాళ్ళం. నర్సమ్మ పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఆ చెయ్యి మన ప్రాణానికి కావాలి, మన ఇంటి పిల్లకి మాత్రం ఉండకూడదు. నాయనమ్మ తాగని గ్లాసుకీ, పులిహోర ప్లేటు పట్టుకుని అడిగిన ప్రశ్నకీ మధ్య 8,000 మైళ్ళ దూరం ఉంది. ఇంకే తేడా లేదు.

ఆ రాత్రి మేడమీదికి వెళ్ళి అమ్మాయికి సారీ చెప్పాను. "నాకెందుకు నాన్నా? ఆ అంకుల్‌కి చెప్పు" అంది.

ఆ అంకుల్ ఈ సంకలనం తప్పకుండా చదువుతారు. కాబట్టి, అయ్యా, ఆలస్యంగానే అయినా వినండి. అవును, నర్సుని చెయ్యడానికే.