మూడేళ్ళ ఆదివారాలు మింగిన అంకె

ఎనిమిది సున్నుండలు పళ్ళెంలో సర్దమంటే నాలుగేసి చొప్పున రెండు వరసలు చక్కగా పేరుస్తాం. మరి ఏడైతే? అన్నీ ఒకే వరసలో పెట్టాల్సిందే. లేకపోతే ఏదో ఒక వరసలో వెలితి కనిపిస్తుంది. ఇలా సమాన వరసలుగా విడిపోనివాటినే పిల్లల లెక్కల పుస్తకంలో ప్రధాన సంఖ్యలంటారు. చిన్నవైతే మనమూ ఇట్టే చెప్పేస్తాం. మరి 147573952589676412927 విడిపోతుందా, విడిపోదా?

కంగారు పడకండి. 67 రెళ్ళు వరసగా గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే వచ్చేదే ఇది. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి మతగురువు ఇది విడిపోదని రాసేశాడు. 1876లో లూకా అనే ఆయన విడిపోతుందని తేల్చాడు గానీ, దేనితోనో చెప్పలేకపోయాడు. చీరకి చిరుగుందని చెప్పి ఎక్కడో చూపించనట్టు!

1903 అక్టోబరులో న్యూయార్కులో అమెరికా గణిత పండితుల సభ జరిగింది. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ప్రొఫెసరు లేచి బోర్డు మీద ఓ పక్క ఆ 67 రెళ్ళ లెక్క వేశాడట. ఇంకో పక్క 193707721ని 761838257287తో గుణించాడట. రెండు జవాబులూ ఒక్కటే! నోరు మెదపకుండా వెళ్ళి కూర్చుంటే, సభంతా చప్పట్లు కొట్టిందని చెబుతారు. ఎన్నాళ్ళు పట్టిందంటే "మూడేళ్ళ ఆదివారాలు" అన్నాడట. ఆ ఆదివారాల్లో వాళ్ళింట్లో వంటెవరు చేశారో మాత్రం నేను చదివినచోట లేదు. మనకి ఆదివారమంటే రెండు కూరలు ఎక్కువ కదండీ!

అయినా ఆయన లెక్కని మనం పొయ్యి దగ్గర నుంచునే పరీక్ష చెయ్యొచ్చు. అంకెలన్నీ కూడండి. ఒక్క అంకె మిగిలేదాకా మళ్ళీ మళ్ళీ కూడండి. 193707721కి 37, దాన్నుంచి 10, దాన్నుంచి 1. రెండోదానికి 64, 10, 1. ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటే. ఇక ఆ పెద్దదానికి 109, 10, 1. సరిపోయింది! ఇక్కడ కుదరకపోతే గుణకారం తప్పని ఖాయం. కుదిరినంత మాత్రాన ఒప్పని కాదు సుమండీ. అంకెలు తారుమారైనా కూడిక మారదు మరి.

ఆ తారుమారే నా కొంప ముంచబోయింది. మొన్న నెలాఖరున పద్దు చూసుకుంటే 270 రూపాయలు తగ్గాయి. బీరువా గది ఊడ్చే పనమ్మాయి మీదికి పోయింది నా మనసు. అడగబోయి, ఆ 270ని తొమ్మిదితో భాగించి చూశాను. సరిగ్గా 30. పక్కపక్క అంకెలు అటూయిటూ రాసేస్తే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో విడిపోతుంది. మీ పద్దులో తేడా వచ్చినా ముందు ఇదే చూడండి. నా పుస్తకం తిరగేస్తే కిరాణాకి ఇచ్చింది 410, నేను రాసుకున్నది 140! నాలుగు పదుల చోటికి దిగితే 360 తగ్గింది, ఒకటి వందల చోటికి ఎక్కితే 90 పెరిగింది. మిగిలిన తేడా అదే 270.

ఈలోగా ఆ అమ్మాయి గిన్నెలు తోమేసి వచ్చి, "అమ్మగారూ, కాస్త టీ ఇస్తారా?" అంది.