భౌతికశాస్త్రము - జీవనమార్గములు

భౌతికశాస్త్రము చదివినవానికి బడిపంతులు ఉద్యోగము తప్ప వేఱు గతి లేదని పెక్కురు తలంతురు. ఉపాధ్యాయవృత్తి ఉత్తమమైనదే; కాని ఈ తలంపు సరియైనది కాదు.

సూరి భగవంతముగారి జీవితమే ఇందుకు నిదర్శనము. నిజాం కళాశాలలో పట్టము పొంది, వారు 1928లో కలకత్తాకు పోయి చంద్రశేఖర వేంకటరామనుగారి కడ పరిశోధన సాగించిరి. పిదప ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులుగను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉపకులపతిగను, బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు సంచాలకులుగను, రక్షణమంత్రికి శాస్త్రసలహాదారుగను పనిచేసిరి. ఇన్ని పదవులకును మూలమైన విద్య ఒక్కటే.

నేడు దారులు మఱింత విశాలమైనవి. వాతావరణశాఖలోను, ఉపగ్రహములను నిర్మించు సంస్థలలోను భౌతికశాస్త్రజ్ఞులు కలరు. క్యాన్సరు రోగికి కిరణచికిత్సలో ఎంత కిరణము, ఏ దిశనుండి ప్రసరింపవలెనో లెక్కకట్టువాడును భౌతికశాస్త్రజ్ఞుడే. ఆ లెక్క తప్పినచో రోగి ప్రాణమునకే ముప్పు.

అయితే పట్టము చేతికి వచ్చినంతనే పదవి రాదు. ఈ విద్యకు గణితము పునాది, ఓర్పు పెట్టుబడి. బి.ఎస్సి. పిమ్మట ఎం.ఎస్సి.కి రెండేండ్లు, పరిశోధనకు మఱికొన్ని యేండ్లు పట్టును. త్వరగా సంపాదింపవలసిన ఇంటిబిడ్డకు ఇది భారమే. కావున ఈ సంగతి ముందే యెఱిగి, తన శక్తిని, ఆసక్తిని తూచుకొని చేరుట వివేకము. పదుగురు చేరుచున్నారని చేరుటయు, పదుగురు వలదన్నారని మానుటయు రెండును తగవు.