బొంబాయికి దగ్గర, పాలమూరుకు దూరం

పాలమూరు రైలు చరిత్ర చెప్పాలంటే మహబూబ్‌నగర్ స్టేషన్ నుంచి కాదు, కృష్ణా స్టేషన్ నుంచి మొదలుపెట్టాలె. మక్తల్ అవతల, నది దగ్గర ఉన్న చిన్న స్టేషన్ అది. బొంబాయి దిక్కు నుంచి ఒక కంపెనీ, మద్రాసు దిక్కు నుంచి ఇంకో కంపెనీ వేసుకుంటూ వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి మన జిల్లా మూలను తాకుతూ పోయింది. అప్పటి నుంచి ఆ మూలన ఉన్న పల్లెలకు బొంబాయి రైలు అందుబాటులో ఉంది. తమ జిల్లా కేంద్రానికి మాత్రం నేరుగా పోయే దారి లేదు. జక్లేర్–కృష్ణా మార్గం పూర్తయి, కాచిగూడ–రాయచూరు రైలు కృష్ణా స్టేషన్ నుంచి కదిలింది 2023 అక్టోబర్ 1న. అంటే నూట యాభై రెండేండ్లు!

మనిషిని ఊరి నుంచి ఎల్లగొట్టే పట్టాలు ముందు పడ్డాయి. సొంత జిల్లాకు తెచ్చే పట్టాలకు ఒకటిన్నర శతాబ్దం పట్టింది. పాలమూరు వలసల ముచ్చట మాట్లాడే పెద్దలు కరువు గురించి చెప్తారు, మేస్త్రీ అడ్వాన్సు గురించి చెప్తారు. ఈ పట్టాల గురించి ఎవరూ చెప్పరు.

ఈ మార్గం కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. మహబూబ్‌నగర్–మునీరాబాద్ లైను 1997–98లోనే మంజూరయింది. దేవరకద్ర నుంచి కృష్ణా దాకా మన ముక్క పూర్తయ్యేసరికి పాతికేండ్లు దాటింది. గద్వాల–రాయచూరు లైను కూడా ఏండ్ల తరబడి సాగి సాగి 2013లో గానీ మొదలు కాలేదు. బడ్జెట్‌లో ప్రతి ఏడూ పేరు ఉంటుంది. పేరు పక్కన పైసలు ఉండవు. పునాదిరాయి వేసిన లీడరు మాజీ అవుతడు, ఆయన కొడుకు పోటీకొస్తడు, రైలు మాత్రం రాదు.

నిజాం కాలంలో వేసిన దారి సంగతి చూద్దాం. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ నుంచి షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు దిక్కు పోయే దారి అది. పక్క దారుల్లో బ్రాడ్‌గేజ్ బండ్లు ఉరుకుతుంటే, ఇక్కడ 1990ల దాకా మీటర్ గేజే. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ నడుమ 85 కిలోమీటర్ల రెండో లైను, కరెంటు పని పూర్తయి జాతికి అంకితం చేసింది 2023 ఏప్రిల్‌లో. మహబూబ్‌నగర్ నుంచి డోన్ దాకా డబ్లింగ్‌కు కేంద్ర కేబినెట్ ఒప్పుకున్నది అదే ఏడు ఆగస్టులో.

ఈ దారి మీదనే ఒక పెద్ద దుఃఖం ఉంది. 1956 సెప్టెంబర్ 2న జడ్చర్ల–మహబూబ్‌నగర్ నడుమ వంతెన కూలి రైలు నీళ్లలో పడింది. నూరు మందికి పైగా చచ్చిపోయారు. హైదరాబాద్ రాష్ట్రానికి అప్పటికి రెండు నెలల ఆయుష్షే మిగిలి ఉంది. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో తమిళ దేశంలోని అరియలూరు దగ్గర మరో ప్రమాదం జరిగితే మళ్లీ రాజీనామా చేశారు, ఈసారి ఒప్పుకున్నారు. దేశం శాస్త్రి గొప్పతనాన్ని గుర్తు పెట్టుకున్నది. అరియలూరును గుర్తు పెట్టుకున్నది. మొదటి రాజీనామాకు కారణమైన పాలమూరు శవాలను మరిచిపోయింది. ఏటా సెప్టెంబర్ 2న మహబూబ్‌నగర్ ప్లాట్‌ఫారం మీద రెండు నిమిషాలు నిలబడి వాళ్లను తలుచుకుంటే రైల్వేకు పోయేదేముంది?

పక్కనున్న నల్లగొండది ఇంకో తీరు. నిజాం రైలు భువనగిరి, ఆలేరు మీదుగా కాజీపేట పోయింది గానీ నల్లగొండ పట్టణానికి రాలేదు. బీబీనగర్–నడికుడి లైనుకు 1974లో పునాది పడితే, 1980ల చివరికి గానీ పని తెమలలేదు. ఆ లైను మీద మిర్యాలగూడ బియ్యం పోయింది, సిమెంటు పోయింది. ఆ ఒంటి పట్టా మీదనే దశాబ్దాల పాటు అన్ని బండ్లూ ఒకదానికొకటి ఎదురుచూసుకుంటూ నడిచాయి. దాని డబ్లింగ్‌కు కూడా 2023లోనే అనుమతి దొరికింది.

ఈ రెండు జిల్లాల నడుమ నేరుగా రైలు దారి లేదు. నల్లగొండ మనిషి రైల్లో మహబూబ్‌నగర్ పోవాలంటే ముందు సికింద్రాబాద్ దిక్కు పోయి తిరిగి దక్షిణానికి రావాలె. నడుమనున్న దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేటలకు రైలు కూతే లేదు. వనపర్తికి మాత్రం స్టేషన్ ఉందంటారు. దాని పేరు 'వనపర్తి రోడ్'. రైల్వే భాషలో 'రోడ్' అంటే ఊరు ఇక్కడ లేదు, రోడ్డు పట్టుకొని పోతే వస్తుందని అర్థం. సంస్థానం రాజధానికే ఆ గతి పడితే తండాలను ఎవరు పట్టించుకుంటరు?

గద్వాల–మాచర్ల లైను కోసం అడగబట్టి దశాబ్దాలు అయింది. ఈ మధ్య డోర్నకల్ నుంచి సూర్యాపేట, నల్లగొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి మీదుగా గద్వాలకు సర్వే అన్నారు. సర్వేలకు మనం మొఖం వాచి లేము.

గిట్టుబాటు కాదు అనేది రైల్వే పాత పాట. పంట అమ్ముకునే రైతు, చదువుకునే పిల్లలు, దవాఖానకు పోయే ముసలివాళ్లు అందరూ బస్సెక్కి పోతుంటే, రైలే లేని చోట రైలు ప్రయాణికులు ఎక్కడ దొరుకుతరు? ముందు పట్టా పడితే లెక్క తర్వాత తేలుతుంది.

సేవల సంగతి కూడా ఇంతే. తిరుపతి వందే భారత్ నల్లగొండలో ఆగుతుంది, బెంగళూరు వందే భారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది. సంతోషమే. కానీ కరోనా తర్వాత ప్యాసింజర్ బండ్లకు ఎక్స్‌ప్రెస్ పేరు తగిలించి, 10 రూపాయల కనీస టికెట్‌ను 30 చేసి, 2024 ఫిబ్రవరి దాకా వసూలు చేశారు. బండి మారలేదు, బోగీ మారలేదు, వేగం మారలేదు. బోర్డు మారింది, కూలీ జేబు ఖాళీ అయింది. ఉగాదికో, పీర్ల పండుగకో మూటాముల్లె నెత్తిన పెట్టుకొని వచ్చే మనిషికి కావలసింది ఏసీ కుర్చీ కాదు. నిలబడకుండా కూర్చొని వచ్చే రెండు జనరల్ బోగీలు.

రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది. రైల్వే కేంద్రం చేతిలో ఉందని మన పాలకులు తప్పించుకోవద్దు. భూసేకరణ, ఖర్చులో వాటా రాష్ట్రం పనే. సర్వేను పట్టాగా మార్చే తేదీ చెప్పమని మన ఎంపీలను ఊరూరా నిలదీయాలె. బొంబాయి పోయే దారి మనకు ఎప్పుడో తెలుసు. ఊరికి తిరిగొచ్చే దారి కావాలిప్పుడు.