వర్చువల్ పిన్‌బాల్ వర్తకము – దాని భవిష్యత్తు

ఆట కాలహరణ మాత్రమే యని తలంచువారు కలరు. కాని జనులు ధనమిచ్చి వినోదమును కొనునెడ నచ్చట వర్తకధర్మమును విచారింపవలసియుండును. ఇందులకు పిన్‌బాల్ మంచి దృష్టాంతము.

ఏటవాలుగా నమర్చిన బల్లపై, అద్దపుమూత క్రింద, స్ప్రింగుచే వదలిన యుక్కు గోళము క్రిందికి జారిపోకుండ ఫ్లిప్పరులను రెండు రెక్కలతో మరల మీదికి గొట్టుటయే యీ యాట. ఈ ఫ్లిప్పరులు 1947వ సంవత్సరమున అమెరికాలో గాట్లీబ్ కంపెనీవారి 'హంప్టీ డంప్టీ' యంత్రమునందు ప్రవేశించినవి. విలియమ్స్ కంపెనీవారు బాలీ పేరున 1992లో వెలువరించిన 'ఆడమ్స్ ఫ్యామిలీ' యంత్రములు 20,000కు పైగా అమ్ముడుపోయెను. అట్టి కంపెనీయే 1999లో పిన్‌బాల్ నిర్మాణమును మానివేసెను.

నిజమైన యంత్రము మిక్కిలి బరువైనది, వెలగలది, మరమ్మతులును తప్పవు. కావున గృహస్థులు వర్చువల్ పిన్‌బాల్ నాశ్రయించిరి. ఇందు కంప్యూటరు గోళముయొక్క గమనమును లెక్కించి తెరపై చూపును. ఒక్క తెరపైననే పెక్కు బల్లలు ఆడవచ్చును. కొందరు పెట్టెలో తెరను పరుండబెట్టి, ప్రక్కల మీటలమర్చి, నిజమైన యంత్రమువలెనే చేసికొనుచున్నారు.

ఇన్ని సౌకర్యములు గల సరకునకు గిరాకి యుండుననుటలో సందేహము లేదు. అయితే అమ్మబడుచున్నదేమి? బల్ల కాదు, బల్లనాడుటకు అనుజ్ఞ మాత్రమే. ఫార్‌సైట్ సంస్థవారు 2012 మొదలు 'పిన్‌బాల్ ఆర్కేడ్' అను పేర పురాతన యంత్రముల ప్రతిరూపములను అమ్మిరి. 2018వ సంవత్సరము జూన్ 30వ తేదీతో విలియమ్స్, బాలీ బల్లలపై వారి హక్కు ముగిసెను. పిమ్మట నా బల్లలను క్రొత్తవారికి అమ్మజాలకపోయిరి. హక్కు హంగేరీ దేశపు జెన్ స్టూడియోస్ వారి చేతికి వచ్చెను. మునుపు కొన్నవారి కా పాత ప్రతులు మిగిలినను, ఆ బల్లనే క్రొత్తవారియొద్ద నాడగోరిన మరల వెల చెల్లింపవలసివచ్చెను. 2023లో జెన్‌వారే తమ 'పిన్‌బాల్ ఎఫ్‌ఎక్స్'ను విస్తారముగా వెలువరించినప్పుడు, వారి 'ఎఫ్‌ఎక్స్3' కొరకు కొన్న బల్లలు దానికి సంక్రమింపలేదు.

వర్తకుల పక్షమునను న్యాయము లేకపోలేదు. హక్కుదారులకు రుసుము చెల్లింపవలెను. క్రొత్త సాధనములకు తగినట్లు బల్లలను తిరిగి నిర్మించుట శ్రమతోడి పని. శ్రమకు కూలి యుండవలసినదే. కాని వారికొక గట్టి పోటీ గలదు. 2000లో ర్యాండీ డేవిస్ ప్రారంభించిన 'విజువల్ పిన్‌బాల్' ఉచితముగా లభించును. అభిమానులు దానికై బల్లలను స్వయముగా నిర్మించి పంచుకొనుచున్నారు. వానిలో కొన్ని హక్కుదారుల యనుమతి లేకయే చేయబడుట మెచ్చదగినది కాదు. అయినను ఉచితముగా దొరకుదానిని విడిచి యొకడు వెలయిచ్చి కొనుట యెందులకు? న్యాయమైన మార్గమనియు, సులభమనియు, కొన్నది తనయొద్ద నిలుచుననియు. ఈ మూడవది లోపించినచో మొదటి రెండును ఎంతకాలము నిలుచును?

కావున నీ వర్తకముయొక్క భవిష్యత్తు తెరల కాంతియందు గాక విశ్వాసమునందున్నదని నా యభిప్రాయము. అమ్మునది అనుజ్ఞయే యైనచో వెల ప్రక్కనే స్పష్టముగా వ్రాయవలెను. పాత కొనుగోలుదారులకు క్రొత్త ప్రతిని స్వల్పమైన వెలకు ఇయ్యవలెను. అంగడి మూతపడినను ఇంటిలోని యాట ఇంటర్నెట్టు లేకయే సాగునట్లు చేయవలెను. ఇట్లు చేసినవారికి లాభము తగ్గినట్లు తోచినను, కొన్నవారే మరల వత్తురు.

విద్యార్థులారా, నేడు పుస్తకములు, పాటలు సైతము ఈ విధముగనే అమ్మబడుచున్నవి. వెల యెంత యని యడుగుటకు ముందు, ఇచ్చునదేమి, అది యెంతకాలము నిలుచునని యడుగుట నేర్చుకొనుడు.