రాకెట్టు - రెండు చూపులు

1969 జూలై 16న అపోలో-11 అమెరికాలోని ఫ్లోరిడా తీరం నుంచి చంద్రుని వైపు బయలుదేరింది. లక్షలాది జనం ఆ దృశ్యాన్ని తిలకించారు. ఇటువంటి జనంలో ఒక చిన్న వర్గం ఉంటుంది. సెలవురోజుల్లో మైదానానికి వెళ్ళి, అట్టగొట్టాలతో చేసిన రాకెట్లను ఎగురవేయడం వారికి అభిరుచి. పెద్ద రాకెట్టు ముందు తమ బొమ్మ ఎంత అల్పమో తెలిసి వారు చిన్నబోతారని కొందరి అభిప్రాయం. అది సరికాదు. దానిని నిజంగా చూడగలిగేది వారే.

మీట నొక్కగానే చిన్న రాకెట్టు కంటికి అందనంత వేగంగా దూసుకుపోతుంది. అపోలోను మోసిన సాటర్న్-5 అలా కాదు. దాని బరువు సుమారు 2,900 టన్నులు. ఐదు ఇంజన్లు కలిసి దానిని పైకి నెట్టే బలం సుమారు 3,400 టన్నులు. మిగులు స్వల్పం కనుక అది రథం కదిలినట్లు మెల్లగా లేచింది. పక్కనున్న టవరును దాటడానికే పది సెకన్లకు పైగా పట్టింది. సామాన్య ప్రేక్షకుడు ఆ మందగమనాన్ని చూసి ఎంత గంభీరమని మెచ్చుకుంటాడు. అభిరుచి గలవానికి మాత్రం ఊపిరి ఆగినంత పనవుతుంది. వేగం లేనిదే తోకరెక్కలకు గాలి పట్టు దొరకదని, రాకెట్టు పక్కకు ఒరుగుతుందని అతనికి అనుభవం నేర్పింది. అందుకే తన రాకెట్టును సన్నని కడ్డీ ఆధారంగా వదులుతాడు. సాటర్న్‌కు కడ్డీ లేదు. అరచేతిలో కర్రను నిలిపే పిల్లవాడు చేయి కదిపినట్లు, అంచుల్లోని నాలుగు ఇంజన్లు అటూ ఇటూ వంగుతూ దానిని నిలబెట్టాయి.

ఈ అభిరుచికి బాట వేసినవారిలో ఒకడు చెప్పుల దుకాణం యజమాని కావడం విశేషం. 1957లో స్పుత్నిక్ ఎగిరాక అమెరికా బాలురు ఇళ్ళలో మందు కూరి గాయాలపాలయ్యారు. ఆర్విల్ కార్లైల్ అంతకుముందే, 1954లో, తేలికపాటి కాగితపు రాకెట్టును రూపొందించాడు. హారీ స్టైన్ అనే రాకెట్ల నిపుణుడు దానిని ప్రచారంలోకి తెచ్చాడు. తయారుగా దొరికే మోటారు, దూరం నుంచి విద్యుత్తుతో అంటించడం అనే నియమాలతో ప్రమాదకరమైన ఆట విద్యగా మారింది.

శ్రీహరికోటలో 2019లో సందర్శకుల గ్యాలరీ తెరిచారు. అది హర్షణీయమే. కాని విద్యార్థులను బస్సుల్లో అక్కడికి తీసుకువెళ్ళే కళాశాలలు అంతకుముందు ఒక్క మధ్యాహ్నం ప్లాస్టిక్ సీసా, నీరు, సైకిలు పంపు ఇచ్చి ఎందుకు చూడవు? మార్కులు రావన్న సమాధానం సిద్ధంగానే ఉంటుంది! రెక్క వంకరగా అంటించి, సీసా పల్టీలు కొట్టడం చూసిన విద్యార్థి చూపు వేరు. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసిన రాకెట్టు పక్క బూస్టర్ల బలంతోనే లేచింది. మధ్యభాగపు ఇంజన్లు గాలిలో, వంద సెకన్లు దాటాక అంటుకున్నాయి. గ్యాలరీ అంతా నేల విడిచినప్పుడే చప్పట్లు కొడుతుంది. ఆ సంగతి తెలిసినవాడు అంతవరకు చేతులు బిగబట్టుకొని ఆకాశం వైపే చూస్తుంటాడు.