మా పిల్లల కాయితాలు మా పిల్లలకివ్వండి

మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి శ్రీ నారా లోకేశ్ గారికి,

నేను కడియంలో చిన్న జెరాక్స్, నెట్ సెంటరు నడుపుతున్నాను. చుట్టుపక్కల నర్సరీల్లో అంట్లు కట్టేవాళ్లు, కవర్లలో మట్టి నింపేవాళ్లు, లారీలకు మొక్కలు ఎత్తేవాళ్లు, వీళ్ల పిల్లలే మా దగ్గరికి ఎక్కువగా వస్తారు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, పరీక్ష ఫీజు, రిజల్టు, ఉద్యోగం అప్లికేషను, అన్నీ ఇక్కడే. అందువల్ల ఒక సంగతి నాకు రోజూ కంటపడుతోంది. చదువుకున్న పిల్లకు తన రికార్డు చేతికందడం కష్టంగా ఉంది. పరాయివాళ్లకు అదే రికార్డు దొరకడం చాలా తేలికగా ఉంది.

కడియపులంక నుంచి ఒకాయన వచ్చారు. కొడుకు డిగ్రీ పాసయ్యాడు. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్లు ఒరిజినల్స్ పట్టుకుని వచ్చి చేరమన్నారట. కాలేజీకి వెళ్తే ఫీజు బాకీ కట్టి తీసుకెళ్లమన్నారు. టీసీ, డిగ్రీ మెమోలే కాదు, చేరిన రోజున ఇచ్చిన పదో తరగతి, ఇంటర్ మెమోలూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. "డబ్బులు గవర్నమెంటోళ్లు వెయ్యాలంటమ్మా. ఆళ్లూ ఆళ్లూ చూసుకోవాల గానీ మా వోడి కాయితాలు ఆపితే ఎలాగండి? కంప్యూటర్లోంచి తియ్యడానికవుద్దేమో చూడండి" అన్నారు. డిజీలాకర్ తెరిస్తే పదో తరగతిదీ ఇంటర్‌దీ వచ్చాయి. డిగ్రీది లేదు. ఆయన ఆ రెండు ప్రింట్లే మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్లారు.

ఆయన అడిగినదానిలో న్యాయం ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము కొన్నేళ్లు తల్లుల ఖాతాల్లో వేశారు. మీ ప్రభుత్వం వచ్చాక మళ్లీ కళాశాలల ఖాతాలకే వేస్తోంది. అంటే ఆ డబ్బు విద్యార్థి చేతికి తగలదు. బాకీ ప్రభుత్వానికీ కళాశాలకూ మధ్యది, తాకట్టులో ఉన్నవి మాత్రం కుర్రాడి మెమోలు. కళాశాలల వాళ్లకూ జీతాలివ్వాల్సిన ఇబ్బంది ఉంటుంది, కాదనను. ఆ బకాయి మీ దగ్గర వసూలు చేసుకోవాలి, నర్సరీ కూలీ దగ్గర కాదు.

నియమాలు లేక కాదండి. చేరేటప్పుడు ఒరిజినల్స్ సరిచూసుకుని అప్పుడే తిరిగి ఇచ్చెయ్యాలని, విద్యార్థి సంతకం పెట్టిన నకళ్లే ఉంచుకోవాలని యూజీసీ 2018లోనే చెప్పింది. సాంకేతిక కళాశాలలకు ఏఐసీటీఈ చెప్పిందీ అదే. మన రాష్ట్రంలో 2019 చట్టంతో ఉన్నత విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ కూడా ఏర్పడింది. కానీ ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో ఆ తండ్రికి తెలియదు. తెలిసినా, రెండో పిల్ల అదే కాలేజీలో చదువుతుంటే నోరెత్తడు.

2025లో ఇంటర్ హాల్ టికెట్లు ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్రలో ఇచ్చారు. ఆ ఒక్క పనితో హాల్ టికెట్ అడ్డం పెట్టి ఫీజు గుంజే అలవాటుకు గండి పడింది. మా సెంటరుకు వచ్చిన పిల్లల మొహాల్లో ధైర్యం నేను చూశాను. హాల్ టికెట్‌కు చేయగలిగినది టీసీకి, డిగ్రీ మెమోకు ఎందుకు చేయలేరు? ఫలితాలు విడుదలైన రోజునే విశ్వవిద్యాలయం నేరుగా విద్యార్థి డిజీలాకర్‌లో మెమో వేసేస్తే కళాశాల బీరువా తాళంతో పనేముంటుంది?

రికార్డు చేతికందకపోవడం సగమే. అది పరాయివాళ్లకు దొరకడమనే రెండో సగం గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను గట్టిగా చెప్పాలి.

స్కాలర్‌షిప్ వెరిఫికేషన్ రోజుల్లో పిల్లలు నా ఫోనుకు పీడీఎఫ్ పంపి, "అక్కా, నా లైను ఒక్కటే ప్రింట్ తియ్యి" అంటారు. తెరిస్తే క్లాసు మొత్తం లిస్టు ఉంటుంది. పేరు, తండ్రి పేరు, కులం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు, హాజరు శాతం, వరసగా అందరివీ. కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు, అక్కణ్ణించి అది ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం. నేను సాయంత్రం సెంటరు మూసేముందు డౌన్‌లోడ్స్ ఫోల్డరు ఖాళీ చేస్తాను. అందరూ చేస్తారని ఎలా నమ్మడం? పదో తరగతి పరీక్షలు ముగిసేసరికి తల్లిదండ్రులకు ఫోన్లు మొదలవుతాయి. పిల్ల పేరు, బడి పేరు చెప్పి మరీ సీటుంది రమ్మంటారు కాలేజీ పీఆర్వోలు. ఆ నంబర్లు వాళ్లకెవరిచ్చారు?

ఇక ఫలితాలు. పదో తరగతి మార్కులు చూడాలంటే రోల్ నంబరు ఉంటే చాలు. ఒక బడిలో నంబర్లు వరసగా ఉంటాయి కనుక ఒకటి తెలిస్తే ఆ వీధి పిల్లలందరి మార్కులూ చూసెయ్యచ్చు. ఒక అమ్మాయి తన రిజల్టు తాను చూసుకునేలోపే మేనమామ ఫోనులో చూసి, లెక్కల్లో తప్పిందని ఇంటికి కబురు పెట్టాడు. ఆ సాయంత్రమే చదువు మాన్పించే మాట, ఆ వెంటే పెళ్లి మాట వచ్చాయి. సప్లిమెంటరీ రాస్తానని చెప్పుకోవడానికి ఆ పిల్లకు ఒక్క పూట వ్యవధి కూడా దొరకలేదు. పాసైన వాళ్లదీ ఇంకోరకం ఇబ్బంది. హైవే పొడుగునా ఫ్లెక్సీల మీద ఆడపిల్లల ఫొటోలు, హాల్ టికెట్ నంబరుతో సహా వేస్తారు. వాళ్లను అడిగి వేస్తున్నారా?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పునిచ్చింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలొచ్చాయి. సమాచారాన్ని భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. 18 ఏళ్లు నిండనివాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది ఆ వయసువాళ్లే. ప్రధాన బాధ్యతలు అమలుకు రావడానికి 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు తీరేదాకా కళాశాలలు కదలవు, మీరు కదిలిస్తే తప్ప. అమెరికాలో విద్యార్థుల రికార్డుల గోప్యతకు చట్టం 1974 నుంచే ఉంది. అక్కడ పిల్లల్ని చదివిస్తున్న మనవాళ్లను అడగండి. 18 నిండినా, కాలేజీలో చేరినా రికార్డు మీద హక్కు విద్యార్థికే దక్కుతుంది, తన రికార్డు చూపించమని అడిగితే 45 రోజుల్లోపు చూపించాలి.

మన దగ్గర సొంత జవాబుపత్రం చూసుకోవడానికీ ఖర్చు తక్కువేం కాదు. దిద్దిన జవాబుపత్రం విద్యార్థికి చూపించాల్సిందేనని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. సమాచార హక్కు కింద నకలు పేజీకి 2 రూపాయలు. ఇంటర్ బోర్డు పునఃపరిశీలన, స్కాన్ కాపీ కలిపి పేపరుకు 1300 వసూలు చేస్తోంది. మా వైపు అది రెండు మూడు రోజుల కూలి. 2019లో తెలంగాణ ఇంటర్‌లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, తిరిగి చూస్తే 99. 1300 లేని పిల్లకు అలాంటి సున్నా పడితే దాన్ని ఎవరు తిరిగి చూస్తారు? మళ్లీ దిద్దడానికి రుసుము తీసుకోండి, కాదనను. చూసుకోవడానికి మాత్రం పేజీకి 2 రూపాయలే తీసుకోండి.

మంత్రిగారూ, నేనడిగేవాటిలో చాలావాటికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒరిజినల్స్ ఆపిన కళాశాల 7 రోజుల్లో తిరిగి ఇవ్వాలని, లేకపోతే జరిమానా అని, ఫిర్యాదు మన మిత్రలోనే చెయ్యచ్చని, ఫిర్యాదుదారు పేరు కాలేజీకి చెప్పరని ఒక ఉత్తర్వు ఇవ్వండి. రిజల్టు చూడాలంటే విద్యార్థి ఫోనుకు ఓటీపీ వచ్చేట్టు చెయ్యండి. ఆధార్, ఖాతా నంబర్లున్న లిస్టులు గ్రూపుల్లో, నోటీసు బోర్డుల మీద పెట్టకూడదని, అనుమతి లేకుండా ఫ్లెక్సీ మీద ఫొటో వెయ్యకూడదని అందులోనే రాయండి.

ఆ ఉత్తర్వు తెలుగులో, ఒక్క పేజీలో ఇవ్వండి. వచ్చిన రోజునే మా సెంటరు గోడకు అంటిస్తాను. కాలేజీకి పట్టుకెళ్లి చూపిస్తామని అడిగిన ప్రతి తల్లికీ తండ్రికీ డబ్బులు తీసుకోకుండా జెరాక్స్ తీసిస్తాను.

ఇట్లు,
జెరాక్స్, నెట్ సెంటరు నిర్వాహకురాలు,
కడియం, తూర్పు గోదావరి జిల్లా