గొడ్డు శాస్త్రం ఎవరిది?

కొలిమిగుండ్ల చుట్టుపక్కల తిరునాళ్లలో బండలాగుడు చూడనివాళ్లు లేరు. ఒంగోలు ఎద్దుకు పసుపు పూసి, ఎన్ని అడుగులు లాగిందో నిమిషాల మీద లెక్కేస్తారు. బతికినన్నాళ్లూ దాని లెక్క ఊరిది. చచ్చినాక ఈడ్చుకుపోయే పని మాత్రం మాదిగోడిది!

ఇదే ఎద్దు బ్రెజిల్ పోయి ‘నెలోరి’ అయింది. పంతొమ్మిదో శతాబ్దంలోనే ఓడెక్కింది. 1960ల మొదట్లో పోయిన వాటిలో ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరు మోసిన గిత్త కూడా ఉంది. ఇవాళ ఆ దేశపు మాంసం మందల్లో పెద్ద భాగం ఈ రక్తమే. 2023లో ఒక నెలోరి ఆవుకు 40 లక్షల డాలర్ల పైన విలువ కట్టారు. కాడి మోయడానికి కాదు, మంచి మాంసపు దూడల కోసం.

అక్కడ బతికున్న గొడ్డుకే పన్నెండు, పదమూడో పక్కటెముకల మధ్య అల్ట్రాసౌండ్ పెట్టి వెన్నుకండ ఎంతుందో, తోలు కింద కొవ్వు ఎంత మందమో కొలుస్తారు. ఈ గుణాలు కొంత తండ్రి గిత్త నుంచి దిగుతాయి, కొంత మేతను బట్టి వస్తాయి. మెత్తదనం మాత్రం కోస్తే గాని తెలీదు. కోసినాక కండను మెత్తబరిచేది కాల్పైన్. దాన్ని అడ్డుకునే కాల్పాస్టాటిన్ మూపురం జాతుల్లో ఎక్కువ. అందుకే మన గొడ్డు కూర గట్టి. ఇప్పుడు జన్యువులు చూసి కూడా గిత్తను ఎంచుతున్నారు.

మా జేజికి ఈ పేర్లు తెలీవు. ఏ గొడ్డు కూర ఎంతసేపు ఉడకాలో, ముసలెద్దు కండను ఎందుకు సన్నగా కోసి తునకలు ఎండేయాలో తెలుసు. తోలు ఒలుస్తూనే మా అబ్బ పశువు తిన్న మేత, మోసిన కాడి చెప్పేవాడు. అక్కడ ఆ తెలివికి డాక్టరేట్లు, ఇక్కడ మనకు అంటు!

వెట్టిని మళ్లీ తెమ్మనడం లేదు. 1927లో మహద్ సభలోనే బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నారు. మానేసినోళ్లం మేమే. మేమడిగేది వేరే. 1977 నాటి రాష్ట్ర చట్టం ఆవునూ దూడనూ కోయొద్దంది. ఎద్దూ దున్నా ఇక పనికీ సంతానానికీ పనికిరావని అధికారి సర్టిఫికెట్ ఇస్తేనే కోయాలంది. అంటే పనికిరానిదైతేనే మాంసం! నాగలి కింద అరిగిన ఎద్దే మన కుండలోకి రావాలి. మంచి మాంసం కోసం జాతిని ఎంచుకునే దారి ఆ కాగితం దగ్గరే మూసుకుంది. ఈ మాట ఏ పశువైద్య సభలోనైనా వినపడిందా?

తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీలో చదివే మన పిల్లలకు ఒక మాట. సెలవుల్లో మన పేటలకు రండి. కత్తి పట్టిన ముసలోళ్లు ఇంకా నలుగురైదుగురు మిగిలున్నారు. నోటుబుక్కు తెచ్చుకోండి.